రూమ్మేట్‌తో ఇంటి ఖర్చులు: సగం సగమా, వాడకాన్ని బట్టా, జీతాన్ని బట్టా?

కలిసి ఇల్లు తీసుకున్న కొత్తలో డబ్బుల మాట ఎత్తాలంటే ఇద్దరికీ మొహమాటమే. "ఏముందిలే, తర్వాత చూసుకుందాం" అంటారు. ఆ "చూసుకుందాం" కాస్తా మూడో నెలకల్లా "పోయినసారి కూడా నేనే కదా కట్టింది" దగ్గరికి వస్తుంది. నేను ఇప్పటికి నలుగురు రూమ్మేట్లతో ఉన్నాను. ఒకరితో అన్నీ సగం సగం, ఒకరితో పైసాతో సహా లెక్క, ఒకరితో అసలు లెక్కే లేదు (అన్నిటికంటే ఘోరంగా ముగిసింది అదే), చివరి వ్యక్తితో ఖర్చుకో పద్ధతి. ఏది ఎవరికి నప్పుతుందో, ఎక్కడ బెడిసికొడుతుందో నాకు అర్థమైనంతలో చెప్తాను.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తున్నా: ఇంటి ఖర్చులన్నిటికీ ఒకే సూత్రం పెట్టుకోవడం దగ్గరే తప్పు మొదలవుతుంది. ఇంటర్నెట్ బిల్లు మీరు వాడినా వాడకపోయినా అంతే వస్తుంది. కరెంటు బిల్లు అలా కాదు, ఎవరు ఏం తిప్పితే అంత. ఫ్రిజ్ మీరు ఖాళీ చేసి వెళ్లిపోయాక కూడా అక్కడే ఉంటుంది. ఈ మూడింటినీ ఒకే గాటన కట్టేసి రెండుతో భాగిస్తే ఎవరో ఒకరికి లోపల మంట మొదలవుతుంది, బయటికి చెప్పుకోలేనంత చిన్న మంట, అందుకే అది ఆరదు.

సగం సగం: ఎప్పుడు బాగుంటుంది, ఎప్పుడు కాదు

సగం సగంలో ఉన్న సుఖం ఇంకెందులోనూ లేదు. వాదన ఉండదు, లెక్క ఉండదు, బిల్లు వచ్చింది, రెండుతో భాగించాం, అయిపోయింది. గదులు ఇంచుమించు ఒకేలా ఉండి, ఇద్దరి దినచర్యా దగ్గర దగ్గరగా ఉంటే ఇంకేమీ ఆలోచించకండి, ఇదే పెట్టుకోండి. నెలకి కాస్త అటూ ఇటూ అయినా, లెక్క రాసుకునే తలనొప్పితో పోలిస్తే ఆ తేడా చవకే.

బెడిసికొట్టేది వాడకం ఇష్టాన్ని బట్టి పెరిగే ఖర్చుల్లో. 2004లో అచ్చయిన ఒక ప్రయోగంలో నీజీ, హరువి, యాఫే అనే ఆర్థికవేత్తలు కొందరిని హోటల్లో కూర్చోబెట్టి, కొన్ని బల్లల వాళ్లకి ఎవరి బిల్లు వాళ్లే కట్టాలని, కొన్ని బల్లల వాళ్లకి మొత్తం బిల్లు సమానంగా పంచుకోవాలని చెప్పారు. సమానంగా పంచుకోవాల్సిన వాళ్లు ఎక్కువ ఖర్చుకి ఆర్డరిచ్చారు. వాళ్లేమీ చెడ్డవాళ్లు కాదు, నేను అదనంగా తీసుకున్నదాంట్లో నా జేబులోంచి పోయేది కొంతే అన్నప్పుడు చెయ్యి దానంతటదే వదులవుతుంది. ఇంట్లోనూ అంతే. ఏసీ ఆపాల్సిన అవసరం సగం బిల్లు కట్టేవాడికి సగమే కనిపిస్తుంది. పొత్తుల మగడు పుచ్చి చచ్చాడని ఊరికే అనలేదు.

జీతాన్ని బట్టి

ఒకరికి 60 వస్తుంటే ఇంకొకరికి 40 వస్తోందనుకుందాం, అప్పుడు అద్దె నూరు వంతుల్లో 60 ఒకరు, 40 ఒకరు కడతారు. వినడానికి చాలా న్యాయంగా ఉంటుంది. భార్యాభర్తలకి, అక్కచెల్లెళ్లకి, ఒకరి కష్టం ఒకరు పంచుకోవాలని ముందే అనుకున్నవాళ్లకి న్యాయమే కూడా. మామూలు రూమ్మేట్లకి మాత్రం నేను ఇది సలహా ఇవ్వను. ఎందుకంటే జీతమంటే ఏ జీతం? చేతికొచ్చేదా, పన్ను పోకముందుదా? ఒకరు చదువు అప్పు తీరుస్తున్నారు, ఒకరు ఇంటికి పంపుతున్నారు, అవి తీసేయాలా వద్దా? ఒకరికి జీతం పెరిగిన ప్రతిసారీ అది రెండోవాళ్లకి చెప్పాలి. ఇంకో చిక్కు, 60 కట్టే మనిషి ఏదో ఒకరోజు "అయితే పెద్ద గది నాకే రావాలి కదా" అంటారు, అది అన్న క్షణంలో ఇది జీతాన్ని బట్టి పంపకం కాకుండా పోయి గదిని బట్టి పంపకం అయిపోతుంది.

జీతం లెక్కలోకి రావాల్సిన సందర్భం నాకు తెలిసి ఒకటే. ఎక్కువ సంపాదించే వ్యక్తి తన స్తోమతుకి తగ్గ ఇల్లు కావాలని పట్టుబట్టి, రెండోవాళ్లు అంత భరించలేమన్నప్పుడు. అప్పుడు రెండోవాళ్లు తమంతట తాము చూసుకుంటే తమ వంతు ఎంత పడేదో అంత కట్టాలి, మిగతాది ఆ ఇల్లు కోరుకున్నవాళ్లు పెట్టుకోవాలి. కోరిక ఎవరిదో తేడా వాళ్లది. ఇందులో ఎవరి పేస్లిప్పూ ఎవరూ చూడక్కర్లేదు, అదీ దీంట్లో హాయి.

అద్దె: గదులు ఒకేలా లేనప్పుడు

అసలు గొడవ ఇక్కడే. ఒక గదికి బాత్రూమ్ ఉంటుంది, ఇంకో గది రోడ్డువైపు ఉండి రాత్రంతా మోత. ఎంత తేడా పెట్టాలి?

చాలామంది కొలత టేపు తీస్తారు. తీయండి, తప్పులేదు, కానీ ఏది కొలుస్తున్నామో చూసుకోవాలి. ఒక గది 20 చదరపు మీటర్లు, ఇంకోటి 12, హాలూ వంటిల్లూ కలిపి 30 అనుకోండి. గదుల్ని మాత్రమే లెక్కేస్తే పెద్దగది మనిషి 62.5 శాతం కట్టాలి. ఉమ్మడి చోటులో చెరో 15 కలిపి లెక్కేస్తే అదే మనిషి కట్టాల్సింది దాదాపు 56.5 శాతం. ఒకే ఇల్లు, ఒకే టేపు, రెండు జవాబులు. సహజంగానే పెద్దగది మనిషికి రెండోది నచ్చుతుంది, చిన్నగది మనిషికి మొదటిది. నన్నడిగితే రెండోదే నిజానికి దగ్గర, ఎందుకంటే చిన్న గదిలో ఉన్నవాళ్లు కూడా హాల్లో కూర్చుంటారు, అదే వంటింట్లో వండుకుంటారు. కానీ కిటికీలోంచి వచ్చే వెలుతురుని, తలుపేసుకుంటే దొరికే నిశ్శబ్దాన్ని ఏ టేపూ కొలవలేదు.

అందుకే నాకు బాగా నచ్చింది వేరే పద్ధతి. ఇద్దరూ విడివిడిగా కాగితం మీద, మొత్తం అద్దె 100 అనుకుంటే ఏ గదికి ఎంత విలువ కడతారో రాయాలి, రెండు గదులకీ కలిపి నూరు రావాలి. మీరు పెద్దగదికి 60, చిన్నదానికి 40 రాశారనుకుందాం. తను పెద్దదానికి 56, చిన్నదానికి 44 రాసింది. పెద్దగదికి ఎక్కువ రాసింది మీరు కాబట్టి అది మీది. అద్దె ఇద్దరి అంకెలకీ మధ్యలో, అంటే మీకు 58, తనకి 42. ఇప్పుడు చూడండి, మీరు 60 విలువ చేస్తుందనుకున్న గది మీకు 58కే దొరికింది, తను 44 ఇస్తాననుకున్న గది తనకి 42కే దొరికింది. ఇద్దరికీ తలా 2 మిగిలింది, పైగా ఎవరి గదిని చూసి ఎవరూ కుళ్లుకునే అవసరం లేదు.

కాగితాలు వద్దనుకుంటే ఇంకా తేలిక దారి ఉంది: ఒకరు రెండు గదులకీ రేట్లు కట్టాలి, రెండోవాళ్లు ముందు ఎంచుకోవాలి. రేటు కట్టేవాళ్లకి ఏ గది వచ్చినా సరే అనిపించేలా కట్టకపోతే వాళ్లే ఇరుక్కుంటారు. దీంట్లో ఒక్క లోపం, రెండోవాళ్లకి ఏ గది అంటే పిచ్చి ఇష్టమో ముందే తెలిసినవాళ్లు రేటు కడితే, ఆ గదికి కావాలని ఎక్కువ పెట్టే ప్రమాదం ఉంది. ముగ్గురూ నలుగురూ ఉన్న ఇంట్లో ఇది ఇంత సులువుగా తేలదు. కానీ గది విషయంలో ఎవరికీ అసూయ లేకుండా అద్దె పంచడం మామూలు షరతుల్లో ఎప్పుడూ సాధ్యమేనని ఫ్రాన్సిస్ సు అనే గణిత శాస్త్రవేత్త 1999లో నిరూపించాడు. అద్దె తగువు మీద గణితంలో సిద్ధాంతం ఉందంటే ఈ సమస్య మన ఒక్కళ్లదే కాదని కొంచెం ఊరట.

కరెంటు

ఇక్కడ చాలామంది తప్పుడు చోట పొదుపు వెతుకుతారు. "నువ్వు లైటు ఆపలేదు" అని పోట్లాడతారు. 9 వాట్ల ఎల్‌ఈడీ బల్బు రోజుకి పది గంటలు వెలిగినా నెలకి మూడు యూనిట్లు కూడా కాలదు. అదే 1500 వాట్లు లాగే ఏసీ పూర్తి లోడు మీద ఎనిమిది గంటలు నడిస్తే ఒక్క రాత్రికి 12 యూనిట్లు, ఆ కరెంటుతో ఆ బల్బుని ఆర్పకుండా 55 రోజులు వెలిగించొచ్చు. నిజానికి గది చల్లబడ్డాక కంప్రెసర్ ఆగుతూ నడుస్తుంది కాబట్టి అంత పూర్తిగా కాలదు, అయినా తేడా ఏ స్థాయిదో అర్థమవుతుంది కదా. రూమ్ హీటరూ, గీజరూ ఇదే కోవ. కాబట్టి బల్బులు, ఫ్యాన్లు, ఫోన్ చార్జర్లు, ఫ్రిజ్, వైఫై రూటరు అన్నీ సగం సగంలో వదిలేయండి. వేడి పుట్టించేవీ, ఏసీలా గదిని చల్లబరిచేవీ మాత్రమే విడిగా లెక్కేయండి.

ఎలా లెక్కేయాలంటే రెండు దారులు. ఏసీ నడవని నెల బిల్లు ఒకటి పక్కన పెట్టుకుని, నడిచిన నెలలో పెరిగింది ఏసీవాళ్ల ఖాతాలో వేయడం ఒకటి. ఇది కొంచెం మోటు లెక్క, ఆ నెల గీజరు వాడకం తగ్గినా ఇంకేదైనా మారినా తప్పుతుంది, కానీ ఇద్దరికీ ఒప్పుదలైతే చాలు. రెండోది, గోడ సాకెట్‌కీ ఏసీ ప్లగ్గుకీ మధ్య పెట్టే చిన్న మీటరు కొనడం, అది ఎన్ని యూనిట్లు కాలాయో చూపిస్తుంది. ఏసీ లాగే కరెంటుని తట్టుకునే రకం చూసి కొనాలి, చిన్నదాన్ని పెడితే కాలిపోతుంది. మాకు మూడో నెలకే ఆ మీటరు చూడటం బోరుకొట్టి, సగటున ఇంత అని ఒక అంకె ఖాయం చేసుకున్నాం. మీటరు వల్ల లాభం నిజానికి అదే, ఆ అంకె మీద మళ్లీ ఎవరూ వాదించలేదు.

ఒక మెలిక. వాడకం పెరిగేకొద్దీ యూనిట్ ధర కూడా పెరిగే శ్లాబుల పద్ధతి ఉన్నచోట, పెరిగిన యూనిట్లని సగటు ధరతో గుణిస్తే ఏసీ లేనివాళ్లు నష్టపోతారు. ఆ యూనిట్లే బిల్లుని పై శ్లాబులోకి తోశాయి కాబట్టి, అవి లేకపోతే బిల్లు ఎంత వచ్చేదో చూసి, ఆ తేడా మొత్తం ఏసీ వాడినవాళ్లు కట్టడం న్యాయం. ఇద్దరికీ ఏసీ ఉంటే ఈ గోలంతా వదిలేసి సగం సగం చేసుకోండి.

సరుకులు, సబ్బులు

మూడు రకాలు చూశాను. ఈసారి నేను, తర్వాతిసారి నువ్వు అని వంతులు వేసుకోవడం మొదటిది, నాకు అస్సలు నచ్చనిది. వంతు ఎవరిదో గుర్తుండదు, పైగా ఒకరి వంతులో పెద్ద సంచి వస్తుంది, ఇంకొకరి వంతులో రెండు పొట్లాలు. మనుషులు తాము చేసింది బాగా గుర్తుపెట్టుకుంటారు, ఎదుటివాళ్లు చేసింది అంతగా గుర్తుండదు. 1979లో రాస్, సికోలీ అనే ఇద్దరు పరిశోధకులు భార్యాభర్తల్ని విడివిడిగా కూర్చోబెట్టి ఇంటి పనుల్లో మీ వంతు ఎంత అని అడిగితే, ఇద్దరి జవాబులూ కలిపితే చాలా విషయాల్లో మొత్తాన్ని దాటిపోయింది. అబద్ధం ఎవరూ చెప్పడం లేదు. "ఎప్పుడూ నేనే తెస్తున్నా" అని ఇద్దరూ మనస్ఫూర్తిగా నమ్ముతారు, అదే దీంట్లో ప్రమాదం.

రెండోది ఉమ్మడి డబ్బా. నెల మొదట్లో ఇద్దరూ సమానంగా కొంత వేస్తారు, ఇంటికి ఏది కొన్నా అందులోంచే, అయిపోతే మళ్లీ ఇద్దరూ వేస్తారు. డబ్బాలో నోట్లయినా సరే, ఉమ్మడిగా పెట్టుకున్న ఒక ఖాతా అయినా సరే. ఇందులో నాకు నచ్చేది ఏంటంటే ఎవరూ ఎవరికీ బాకీ ఉండరు, అడగాల్సిన పనే రాదు. ఇద్దరూ ఇంట్లోనే వండుకుని ఇంచుమించు ఒకేలా తినేవాళ్లయితే దీన్ని మించింది లేదు. ఒకరు వారంలో నాలుగు రోజులు బయట తింటారంటే డబ్బాలో వేసేదే 60-40 చేసుకోండి, వారం వారం మార్చకండి.

ఎవరి తిండి వాళ్లదే అనేది మూడోది. తిండి అలవాట్లు పూర్తిగా వేరైతే తప్పదు. అప్పుడు కూడా సబ్బులు, చెత్త సంచులు, నేల తుడిచే మందు లాంటివి ఉమ్మడిలోనే ఉంచండి. అవి కూడా విడివిడిగా కొనుక్కునే ఇంట్లో బాత్రూమ్ కడగడం ఎవరి పనీ కాకుండా పోతుంది, చూశాను.

పనుల మాట వచ్చింది కాబట్టి, "నేను ఇల్లు ఊడుస్తాను, నా వంతు అద్దె తగ్గించు" లాంటి ఒప్పందాలు పెట్టుకోకండి. ఊడ్చింది సరిగా ఉందా లేదా అని ఒకరు చూడటం మొదలవుతుంది, ఇక అక్కడ ఉన్నది రూమ్మేట్ కాదు, ఓనరు.

వచ్చిపోయేవాళ్లు, ఊళ్లో లేని రోజులు

ఒకరి స్నేహితులో, ప్రేమించిన మనిషో వారానికి మూడు రాత్రులు ఉంటున్నారనుకోండి. నోరు తెరిచి అడగడం కష్టం, ఊరుకుంటే చిలికి చిలికి గాలివాన అవుతుంది. రాత్రుల లెక్క ఇక్కడ బాగా పనికొస్తుంది. ముప్ఫై రోజుల నెలలో మీ ఇద్దరివీ చెరో 30, ఆ వచ్చే మనిషివి 12, మొత్తం 72. పిలిచినవాళ్ల వంతు 42, అంటే 58 శాతం, మీది దాదాపు 42 శాతం. ఈ లెక్క నీళ్లకి, గ్యాసుకి, ఉమ్మడి సరుకులకి మాత్రమే, అద్దెకీ ఇంటర్నెట్‌కీ కాదు. నెలకి మూడు నాలుగు రాత్రుల దాకా లెక్కే వేయొద్దు, చుట్టం వచ్చి వెళ్లినదానికి బిల్లు వేసే ఇంట్లో ఉండాలని ఎవరికుంటుంది.

తిరగేసి, మీరు ఇరవై రోజులు ఊళ్లో లేరనుకోండి. అద్దె, ఇంటర్నెట్, మెయింటెనెన్స్ మీరు కట్టాల్సిందే, గది మీ పేరు మీదే ఆగి ఉంది. కరెంటు మాత్రం బయల్దేరేరోజు మీటరు ఫొటో ఒకటి తీసి ఇద్దరికీ పంపుకోండి, తిరిగొచ్చిన రోజు ఇంకోటి. మధ్యలో కాలినదాంట్లో ఫ్రిజ్ వంతు సగం మీది, మిగతాది తనది. ఇంతకంటే లోతుకి పోతే తిరిగొచ్చాక మాట్లాడుకునేది మీటరు గురించే అవుతుంది.

సామాను కలిపి కొనాలా

వీలైనంతవరకు వద్దు. ఫ్రిజ్ నాది, వాషింగ్ మెషీన్ నీది అని విడగొట్టుకుంటే వెళ్లేటప్పుడు ఎవరిది వాళ్లు తీసుకెళ్తారు. తప్పనిసరై కలిపి కొంటే, కొన్నరోజే ఎన్నేళ్లు పనిచేస్తుందనుకుంటున్నారో రాసుకోండి. ఐదేళ్లనుకుని రెండేళ్లకి ఒకరు వెళ్లిపోతే, కొన్న ధర నూరైతే మిగిలిన విలువ 60, అందులో సగం 30 వెళ్లేవాళ్లకి ఇచ్చి వస్తువు ఉండేవాళ్లు ఉంచుకుంటారు. పాతవస్తువుల బజారులో అంత రాకపోవచ్చు, కానీ వెళ్లేరోజు బేరం ఆడుకోవాల్సిన పని తప్పుతుంది.

లెక్క ఎక్కడ రాయాలి

యాప్ పెట్టుకోవచ్చు. స్ప్లిట్‌వైజ్ లాంటివి 2011 నుంచీ ఉన్నాయి, ఎవరు కట్టారో, ఎవరెవరి మధ్య పంచాలో నొక్కితే చాలు, చివరికి ఎవరు ఎవరికి ఎంత ఇవ్వాలో అదే చెప్తుంది. ముగ్గురో అంతకంటే ఎక్కువో ఉన్న ఇంట్లో ఇది వరం, ఎందుకంటే నేను నీకు, నువ్వు ఇంకొకరికి, ఆ ఇంకొకరు నాకు బాకీ ఉన్నవి కలిసి రద్దయిపోతాయి. ఇద్దరే అయితే ఇద్దరూ తెరవగలిగే స్ప్రెడ్‌షీట్ చాలు. ఫ్రిజ్ తలుపు మీద అంటించిన కాగితం కూడా తక్కువేమీ కాదు, అది రోజూ కళ్లబడుతుంది. ఏదైనా సరే ఖర్చు పెట్టినరోజే పద్దు పడాలి, నెలాఖరున గుర్తుచేసుకుని రాసే పద్దులో సగం ఊహే. చిన్నాచితకా రాయకండి, ఇంతకంటే తక్కువైతే పద్దు వద్దు అని ఒక హద్దు పెట్టుకోండి. నా రెండో రూమ్మేట్ అగ్గిపెట్టె కూడా రాసేది. ఆమె లెక్కలో ఏనాడూ తప్పు లేదు, కానీ నాకు ఆ ఇంట్లో అగ్గిపుల్ల గీయాలన్నా టెన్షన్.

బాకీ తీర్చుకునే తేదీ కూడా ముందే అనుకోండి. అద్దె కట్టే రోజే బాగుంటుంది, ఎలాగూ డబ్బు కదులుతున్న రోజు. ఎవరి పేరు మీద ఏముందో కూడా చూసుకోండి. అద్దె ఒప్పందంలో ఇద్దరి పేర్లూ ఉంటే, చాలాచోట్ల ఒకరు ఎగ్గొట్టినా ఓనరు మొత్తం అద్దె రెండోవాళ్ల దగ్గర వసూలు చేసుకునేలా రాసి ఉంటుంది, సంతకం పెట్టేముందు ఆ వాక్యం వెతకండి. ఒక్కరి పేరే ఉంటే రిస్కంతా వాళ్లది, అడ్వాన్సులో ఎవరు ఎంత పెట్టారో ఒక మెసేజ్‌లో అయినా రాసి పెట్టుకోవాలి. లెక్క లేని ఇల్లు అన్నాను చూడండి, అక్కడ నేను పోగొట్టుకున్నది అడ్వాన్సే. ఇచ్చానని నాకు తెలుసు, తీసుకున్నానని తనకి గుర్తులేదు, కాగితం ఇద్దరి దగ్గరా లేదు.

ఇల్లు ఖాళీ చేసే రోజు కరెంటు బిల్లు ఇంకా వచ్చి ఉండదు, గ్యాసు బిల్లూ అంతే. తాళాలు ఇచ్చేముందు మీటర్ల ఫొటోలు తీసుకుని, పోయిన నెల బిల్లుని బట్టి అంచనా వేసి ఆ డబ్బు ఇచ్చేయండి. అసలు బిల్లు వచ్చాక తేలిన తేడా ఎవరు ఎవరికి పంపాలో, ఎంతకంటే తక్కువైతే వదిలేయాలో కూడా అప్పుడే అనుకోండి, సామాను బండెక్కాక ఫోన్లు ఎత్తడం తగ్గుతుంది.